సబ్బు అడిగిన ఆవిడ

పోయినేడాది మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నేనో ఫొటో పెట్టాను. కూలిపోయిన గోడల మధ్య దుమ్ము కొట్టుకుపోయి ఉన్న ఒక పాప, చేతిలో ఖాళీ గిన్నె. కింద జోడించిన చేతుల బొమ్మలు రెండు, పగిలిన గుండె ఒకటి. నా వంతు అయిపోయిందనుకుని పప్పులో పోపు వేయడానికి వెళ్లాను. తిరిగి వచ్చి చూస్తే మూడో అంతస్తు మాస్టారు మెసేజ్ పెట్టి ఉన్నారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. గ్రూపులో నీళ్ల ట్యాంకర్ల లెక్క తప్ప మరేదీ రాసే మనిషి కాదు. "ఏ ఊరమ్మా ఇది? ఎప్పటిది? పాప బతికే ఉందా?" అని రాశారు.

నాకు తెలీదు. గంటసేపు వెతికితే తేలిందేమిటంటే, ఆ ఫొటో నేను రాసిన దేశానిదే కాదు. ఇంకో దేశంలో, ఇంకో యుద్ధంలో, ఎప్పుడో తీసింది. తీసేశాను. అప్పటికే నలభై మంది చూశారు, వాళ్లలో ఎవరు ఎక్కడికి పంపారో దేవుడికే తెలియాలి. మాస్టారు దాని గురించి ఒక్క మాటా అనలేదు. రెండు రోజుల తర్వాత లిఫ్టులో కనబడి, "పాప సంగతేమైనా తెలిసిందా?" అని అడిగారు. వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగారు.

యుద్ధంలో చిక్కుకున్న మామూలు జనం కోసం మనలాంటి మామూలు జనం ఏం చెయ్యగలరు? ఈ ప్రశ్నకు నా దగ్గర అంతకుముందు రెండు జవాబులుండేవి. బాధపడటం ఒకటి, ఫార్వర్డ్ చెయ్యడం ఒకటి. మాస్టారి మూడు ప్రశ్నలతో ఆ రెండూ పోయాయి. తర్వాత చదువుతూ పోతుంటే నూట పాతికేళ్ల కిందటి ఒక ఇంగ్లీషు ఆవిడ తగిలింది. పేరు ఎమిలీ హాబ్‌హౌస్. ఆవిడ కథ ముందు చెప్తాను, నా గొడవ తర్వాత.

1899లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వాళ్లకీ బోయర్లకీ యుద్ధం మొదలైంది. బోయర్లంటే డచ్చి సంతతి రైతులు. ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అని రెండు చిన్న రాజ్యాలు వాళ్లవి. ట్రాన్స్‌వాల్ నేల కింద బంగారముంది, మిగతాది మీరే ఊహించుకోవచ్చు. ఎదురుబొదురు పోరులో ఓడిపోయాక బోయర్లు గెరిల్లా దాడులకు దిగారు. వాళ్లకు తిండీ ఆసరా దొరక్కుండా చెయ్యాలని బ్రిటిష్ సేనాని కిచెనర్ ఊళ్లకు ఊళ్లు తగలబెట్టించాడు. దాదాపు 30 వేల పొలాల ఇళ్లు బూడిదయ్యాయి. ఆ ఇళ్లలోని ఆడవాళ్లనీ పిల్లల్నీ రైలు పట్టాల పక్కన గుడారాలు వేసి అందులో పెట్టారు. కాన్సంట్రేషన్ క్యాంపు అనే మాట ప్రపంచమంతా పాకింది ఇక్కడి నుంచే.

అప్పటికి హాబ్‌హౌస్ వయసు 40. కార్న్‌వాల్‌లో ఒక చర్చి ఫాదరీ కూతురు. పెళ్లి కాలేదు. తండ్రి 1895లో పోయేదాకా ఆయనకు సేవ చేస్తూ ఆ ఊళ్లోనే ఉండిపోయింది. లండన్ వచ్చాక యుద్ధం వద్దనే ఒక సంఘంలో మహిళా విభాగానికి కార్యదర్శిగా చేరింది. బోయర్ ఆడవాళ్ల సంగతి చెవిన పడగానే చందాలు పోగేసి, 1900 డిసెంబరులో ఓడెక్కింది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆవిడ పూర్తిగా మనలాంటి మనిషేం కాదు. బాబాయి లార్డు. ఆయన భార్య రాసిచ్చిన ఉత్తరం పట్టుకునే కేప్‌టౌన్‌లో బ్రిటిష్ హైకమిషనర్ మిల్నర్‌ను కలవగలిగింది. మిల్నర్ సరేనన్నా, కిచెనర్ మాత్రం ఆరెంజ్ ఫ్రీ స్టేట్ రాజధాని బ్లూంఫాంటీన్ దాటి ఉత్తరానికి వెళ్లనివ్వలేదు.

1901 జనవరి 24న ఆవిడ బ్లూంఫాంటీన్ క్యాంపు చేరింది. ఒక గుట్ట వాలులో, చెట్టు నీడన్నది లేకుండా, దాదాపు 1,800 మంది. మంచాల్లేవు, పరుపుల్లేవు. నీళ్లు చాలవు. వంటచెరుకు కోసం వాళ్లే గుట్టలెక్కి పచ్చి పొదలు కొట్టుకొచ్చుకోవాలి. రేషన్ అసలే తక్కువ, తూకంలో ఇంకా తక్కువ. తట్టు, టైఫాయిడ్, విరేచనాలు పిల్లల్ని వరసపెట్టి తీసుకుపోతున్నాయి.

అంత ఘోరం మధ్య నిలబడి ఆవిడ అధికారుల్ని ఏమడిగిందో చూడండి. సబ్బు. క్యాంపులో సబ్బు ఇవ్వడం లేదు. అడిగితే, సబ్బు విలాస వస్తువన్నారు. ఆవిడ వదల్లేదు. కొట్లాడి సబ్బును అవసర వస్తువుల జాబితాలో చేర్పించింది. దానితోపాటు గడ్డి, మరిన్ని గుడారాలు, తాగే నీళ్లు కాచుకోవడానికి మరిన్ని కెటిల్స్. నేల మీద పడుకుంటున్న గర్భిణులకు పరుపులు.

మొదటిసారి చదివినప్పుడు నాకు కొంచెం కోపమే వచ్చింది. ఇళ్లు తగలబెట్టి, పసిపిల్లల్ని చంపుతుంటే కెటిళ్లు అడగడమేమిటి అని. నాలుగు రోజులు పోయాక విషయం మెల్లగా ఎక్కింది. "ఈ దారుణం ఆపండి" అంటే దానికి జవాబు చెప్పాల్సినవాడు ఎవడూ ఉండడు. కిచెనర్ లండన్ వైపు చూపిస్తాడు, లండన్ కిచెనర్ వైపు. "ఈ క్యాంపులో ఇంతమంది ఉన్నారు, సబ్బు ఎందుకివ్వరు?" అంటే మాత్రం ఎదురుగా కుర్చీలో ఉన్నవాడు ఇస్తాననాలి, లేదా ఇవ్వనని చెప్పి ఎందుకివ్వడో నోటితో చెప్పాలి. "సబ్బు విలాసం" అన్న ముక్క ఆ కుర్చీలోంచే వచ్చింది. ఆ ఒక్క ముక్క చెప్పినంతగా ఏ ఉపన్యాసమూ ఆ వ్యవస్థ గురించి చెప్పలేదు.

ఆవిడ ఒక్క చోటే ఉండిపోలేదు. వేరే క్యాంపులు తిరిగి మళ్లీ బ్లూంఫాంటీన్ వచ్చేసరికి అక్కడి జనం రెట్టింపయ్యారు. సబ్బుతో తీరేది కాదని అప్పుడు అర్థమై ఇంగ్లండుకు తిరిగొచ్చింది. చూసింది చూసినట్టు, క్యాంపు క్యాంపుకీ విడిగా రిపోర్టు రాసి, 1901 జూన్‌లో ఎంపీలకు అందేలా చేసింది. ప్రతిపక్ష నాయకుడు క్యాంబెల్ బ్యానర్మన్ ఆవిడ చెప్పింది విని, ఇవి అనాగరిక పద్ధతులని ఒక విందు సభలో అన్నాడు. లాయిడ్ జార్జ్ అనే ఎంపీ పార్లమెంటులో నిలదీశాడు. ఆవిడకు మాత్రం తిట్లు దక్కాయి. దేశద్రోహి అన్నారు. మీటింగులకు హాళ్లివ్వలేదు, ఇచ్చినచోట కొందరు గోల చేసి మాట్లాడనివ్వలేదు. అక్టోబరులో మళ్లీ కేప్‌టౌన్ వెళితే ఓడ దిగనివ్వలేదు. కదలనంటే సైనికులు ఎత్తుకెళ్లి ఇంకో ఓడలో పడేసి వెనక్కి పంపారు.

ఈ కథలో నాకు బాగా నచ్చే మలుపు ఇప్పుడొస్తుంది. గొడవ తట్టుకోలేక ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది, అందరూ ఆడవాళ్లే. హాబ్‌హౌస్‌ను కావాలనే పక్కనపెట్టారు. అధ్యక్షురాలిగా మిలిసెంట్ ఫాసెట్‌ను పెట్టారు. ఆవిడ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన పెద్ద నాయకురాలే గానీ, ఈ యుద్ధం విషయంలో పూర్తిగా సర్కారు పక్షం. ఆ కమిషన్ వెళ్లి చూసింది. బోయర్ తల్లుల మీద నాలుగు రాళ్లూ వేసింది. అయినా కళ్లెదుట ఉన్నది కాదనలేకపోయింది. నర్సులు కావాలి, రేషన్ పెంచాలి, నీళ్లు కాచడానికి బాయిలర్లు కావాలి అని రాసింది. అంటే, హాబ్‌హౌస్ అడిగినవే. 1901 అక్టోబరులో ఏడాదికి వెయ్యికి 344 లెక్కన చనిపోతుంటే, 1902 ఫిబ్రవరికి అది 69కి దిగింది. ఆ తర్వాత ఇంకా తగ్గింది. గిట్టనివాళ్లు వెళ్లి చూసినా అవే కనబడేలా రాయడమన్నది ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

ఆలస్యం కాలేదా అంటే, ఘోరంగా అయింది. యుద్ధం ముగిసేసరికి ఆ క్యాంపుల్లో దాదాపు 28 వేల మంది బోయర్లు పోయారు. అందులో 22 వేల మందికి పైగా పిల్లలు.

ఆ పిల్లల్లో ఒకరు లిజ్జీ వాన్ జిల్. వయసు ఏడేళ్లు. బ్లూంఫాంటీన్ క్యాంపులో, 1901లోనే పోయింది. ఎముకల గూడులా మంచం మీద ఉన్న ఆ పాప ఫొటో ఇప్పటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతూ ఉంటుంది. దాని చుట్టూ అప్పుడే పెద్ద రచ్చ. తల్లే తిండి పెట్టక ఇలా చేసిందని యుద్ధాన్ని సమర్థించేవాళ్లు ప్రచారం చేశారు. హాబ్‌హౌస్ దాని వెంటపడి విచారించి, ఆ నిందకు ఆధారం లేదని చెప్పింది. ఫొటో పెట్టి కన్నీళ్లు పెట్టించడంతో ఆగిపోలేదు. ఏ క్యాంపు, ఎప్పుడు, పాపకేమైంది. మా మాస్టారి మూడు ప్రశ్నలే.

ఇవన్నీ పాతకాలపు ముచ్చట్లు అనుకుంటే, 2025 మే నెలలో జమ్మూ కశ్మీర్‌లోని పూంచ్ గుర్తు తెచ్చుకోండి. సరిహద్దు అవతలి నుంచి పాకిస్తాన్ ఫిరంగి గుళ్లు కురిపిస్తే ఆ ఊళ్లో పదిమందికి పైగా మామూలు జనం చచ్చిపోయారు. అందులో ఒక బడిపంతులు ఉన్నాడు. కొన్ని జాతీయ టీవీ చానళ్లు ఆయన ఫొటో వేసి, చచ్చింది టెర్రరిస్టు అని చెప్పేశాయి. అది తప్పని పూంచ్ పోలీసులే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఇల్లు కాలినవాళ్లు ఏడుస్తూనే మావాడు దొంగ కాదని రుజువు చేసుకోవాల్సిన గతి. ఆ రోజుల్లో మన ఇళ్లలో రాత్రంతా టీవీలు మోగాయి. కరాచీ రేవు ధ్వంసమైపోయిందని కూడా విన్నాం, అదీ ఉత్తిదే. మనం చెయ్యగలిగిన అన్నిటికంటే చవకైన పని బహుశా ఇదే: చనిపోయినవాళ్ల మీద పడే నిందను ముందుకు తొయ్యకుండా ఆగడం, అబద్ధమని తేలినప్పుడు అదే గ్రూపులో ఆ మాట రాయడం. చవక అన్నానే గానీ, మా గ్రూపులో నేను ఆ సవరణ పెట్టినప్పుడు ఇద్దరు "అంత ప్రేమైతే అక్కడికే పో" అన్నారు. ఒకరు పండక్కి అరిసెలు పంపే పక్కింటావిడ.

హాబ్‌హౌస్‌ను దేవతను చెయ్యడానికి నేను ఇది రాయడం లేదు. ఆవిడకు కనబడనివి ఉన్నాయి. బోయర్ల దగ్గర పనిచేసే నల్లవాళ్లకు వేరే క్యాంపులు పెట్టారు. నమోదైన లెక్క ప్రకారమే అక్కడ 14 వేల మందికి పైగా పోయారు. అసలు లెక్క 20 వేలు దాటుతుందని చరిత్రకారులు అంటారు. వాళ్ల సంగతి ఎవరైనా చూడాలని ఆవిడ రాసింది గానీ, తాను ఆ క్యాంపులకు వెళ్లి సబ్బు అడగలేదు. 1913లో బ్లూంఫాంటీన్‌లో స్మారక స్తూపం ఆవిష్కరణకు పంపిన ప్రసంగంలో, తమది కాని తగాదాలో చనిపోయిన ఆ వేలమంది నల్లవాళ్లను కూడా తలుచుకోవడం న్యాయం కాదా అని అడిగింది. అర్ధశతాబ్దం తర్వాత ఆ ప్రసంగాన్ని మళ్లీ అచ్చేసినప్పుడు ఆ వాక్యాలు ఎగిరిపోయాయి.

కానీ ఆ కథ చివర్లో మనవాళ్లు వస్తారు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకూ బొగ్గు గనులకూ లక్షన్నర మంది కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండాలంటే మనిషికి ఏడాదికి 3 పౌండ్ల పన్ను. కొత్త కూలీ జీతం నెలకు 10 షిల్లింగులు, 3 పౌండ్లంటే 60 షిల్లింగులు. 1913లో ఆ పన్ను మీద సమ్మె కట్టారు, గాంధీ నడిపించారు. అప్పుడు దక్షిణాఫ్రికాలోనే జబ్బుతో మంచాన ఉన్న హాబ్‌హౌస్, గాంధీతో రాజీ చేసుకోమని మంత్రి స్మట్స్‌కు ఉత్తరాలు రాసింది. స్మట్స్ ఒకప్పుడు బోయర్ సేనాని. తన జాతి ఆడవాళ్ల కోసం సొంత దేశంతో తిట్లు తిన్న మనిషి రాస్తే కాదనడం కష్టం. 1914లో ఆ పన్ను రద్దయింది. సమ్మె చేసి, లాఠీ దెబ్బలు తిని, జైలుకెళ్లి గెలిచింది కూలీలే, అందులో సందేహం లేదు. కానీ ఆవిడ సాయాన్ని గాంధీ చివరిదాకా మర్చిపోలేదు.

ఇప్పుడు నా గొడవ. సబ్బు సూత్రం పట్టుకుని నేనూ ఒకటి ప్రయత్నిద్దామనుకున్నాను. ఎంచుకున్నది సూడాన్. అక్కడ 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ యుద్ధం మొదలైంది. కోటి మందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు. ఎల్ ఫాషర్ నగరాన్ని ఆర్‌ఎస్‌ఎఫ్ ఏడాదిన్నర దిగ్బంధించింది. ముట్టడి ఆపమని 2024 జూన్‌లో భద్రతామండలి తీర్మానం చేసినా వినలేదు, 2025 అక్టోబరులో నగరం దాని చేతికి పోయింది. ఇన్నాళ్లూ అక్కడ జనానికి ఒక పూటైనా అన్నం పెడుతున్నది వీధి కుర్రాళ్లూ అమ్మలక్కలూ కలిసి పెట్టుకున్న ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్‌లు. పేరు ఘనంగా ఉన్నా, చేసేది పెద్ద గుండిగలో వండి క్యూలో నిలబడ్డవాళ్లకు వడ్డించడం. వాళ్లను రెండు పక్షాలూ అరెస్టులు చేశాయి.

ఎందుకు సూడాన్ అంటే, నిజం చెప్పాలి. గాజా అంటే మన దగ్గర వెంటనే "నువ్వెటు?" అంటారు. ఉక్రెయిన్ అన్నా అంతే. సూడాన్ అంటే ఎవరూ ఏ పక్షమని అడగరు, ఎందుకంటే పక్షాల పేర్లే ఎవరికీ తెలీవు. సులువైనది ఎంచుకున్నానేమోనన్న అనుమానం నాకిప్పటికీ ఉంది. హాబ్‌హౌస్ ఎంచుకున్నది సొంత దేశం చేస్తున్న యుద్ధాన్ని.

ఎవరికి రాయాలి? ఐక్యరాజ్యసమితికి రాస్తే ఎవరు చదువుతారు? అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అందామంటే అందులో మన దేశం సభ్యురాలే కాదు. యుద్ధంలో పౌరుల కోసమే ప్రత్యేకంగా వచ్చిన 1949 జెనీవా ఒప్పందానికి మాత్రం కట్టుబడి ఉంది. మనం ఓటేసి పంపిన ఎంపీ ఒకరున్నారు. రెండు రాష్ట్రాలకూ కలిపి లోక్‌సభలో 42 మంది. సభ జరిగే రోజుల్లో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు 20, రాతపూర్వకంగా చెప్పాల్సినవి 230 దాకా లిస్టులో ఉంటాయి. పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి. మంత్రి ఇచ్చిన జవాబు రికార్డులో ఉండిపోతుంది, ఎవరైనా తీసి చూడొచ్చు.

నేను రెండు పేజీలు రాసి మాస్టారికి చూపించాను. ఆయన ఎర్ర పెన్ను తీసి 'హృదయవిదారకమైన' కొట్టేశారు, 'మానవత్వం మంటగలిసిన' కొట్టేశారు. మొదటి పేజీ మొత్తం పోయింది. మిగిలినవి మూడు ప్రశ్నలు. సూడాన్‌లో ఇంకా ఎంతమంది భారతీయులున్నారు? యుద్ధం మొదలైనప్పటి నుంచి మన దేశం ఎంత ఆహారం, ఎన్ని మందులు పంపింది? సాయం తెచ్చే లారీలను రానివ్వమని రెండు పక్షాలకూ మన ప్రభుత్వం ఎప్పుడు, ఏ వేదిక మీద చెప్పింది? "ఇప్పుడు ఇది ప్రశ్నాపత్రంలా ఉంది" అన్నారు తృప్తిగా.

అమెరికాలో ఉన్న మా చెల్లికి చెబితే, అక్కడ ఇంకా సులువంది. తన ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేస్తే పేరూ జిప్ కోడూ అడిగి, ఏ విషయం మీద చేశారో రాసుకుంటారట. దుబాయిలో ఉన్న తమ్ముడికి మాత్రం నేను చెప్పలేదు. ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఆయుధాలు ఇస్తోందన్న ఆరోపణ ఉన్నది యూఏఈ మీదే, ఆ దేశం కాదంటోంది. వీసా మీద బతికేవాణ్ని ఆ గొడవలోకి లాగడం నాకు న్యాయమనిపించలేదు.

ఎంపీగారి నుంచి నెలన్నర ఏ కబురూ లేదు. మళ్లీ రాశాను. ఈసారి పీఏ ఫోన్ చేశాడు, మర్యాదగానే మాట్లాడాడు. "చదివానండీ. అక్కడ మన నియోజకవర్గం వాళ్లెవరైనా ఉన్నారాండీ?" అన్నాడు. నాకు తెలిసి లేరన్నాను. "అయితే కొంచెం కష్టమండీ. ఉంటే మాత్రం సార్ వెంటనే లేవనెత్తుతారు."

అతన్ని తప్పుపట్టలేను. రోజుకు వంద పనులు. సాయంత్రం ఈ మాట మా మేనమామకు చెప్పాను. ఆయన 1990 ఆగస్టులో కువైట్‌లో డ్రైవరు. ఇరాక్ సైన్యం వచ్చి పడ్డప్పుడు అక్కడ చిక్కుకుపోయిన మనవాళ్లు లక్షా డెబ్బై వేల మంది. కడప వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు ఊళ్లకు ఊళ్లే ఉండేవాళ్లు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, ఎడారిలో గుడారాల్లో పడి ఉండి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కాలి. మామయ్య ఆ కథ ఎప్పుడూ సరిగ్గా చెప్పడు, ఎండ గురించి చెప్పి ఆపేస్తాడు. ఆ రోజు మాత్రం ఇంకో ముక్క చెప్పాడు.

"గుడారాల దగ్గరికి రోజూ ఒకాయన నోటుబుక్కు పట్టుకొచ్చేవాడే. ఆ దేశపాయనే. గవర్నమెంటో కాదో తెలీదు. ఎంతమంది, ఎక్కడోళ్లు, ఎవరికి జొరం, నీళ్లు ఎన్ని డబ్బాలొచ్చాయి, అన్నీ రాసుకునేవాడు. నా పేరు నాలుగుసార్లు చెప్పినా తప్పే రాశాడు. ఆ కాగితాలు ఎవరికిచ్చేవాడో గానీ, మర్నాటికి నీళ్ల ట్యాంకరొచ్చేది. ఆయనకి మన రాజోలు ఎక్కడుందో ఏం తెలుసు?"

వచ్చే సమావేశాలకు ముందు మూడో ఉత్తరం పంపాం. అవే మూడు ప్రశ్నలు. ఈసారి నా ఒక్కదాని పేరే కాకుండా మా బ్లాకులో పదకొండు మంది సంతకాలు, ఓటరు కార్డు నంబర్లతో సహా. అరిసెలావిడ పెట్టలేదు, వాళ్లబ్బాయి పెట్టాడు. మాస్టారు వరస నంబర్లు వేశారు. పన్నెండోది మామయ్యది. రాజోలు నుంచి చూడ్డానికి వచ్చినవాడు, ఆయన ఓటు మా నియోజకవర్గంలో లేదని చెప్పినా వినలేదు. ఇంగ్లీషులో సంతకం చేశాడు, ఆ గుడారాల దగ్గర నోటుబుక్కాయన రాసుకున్న తప్పుడు స్పెల్లింగుతో.